కొవ్వు పంపిన కబురు

మన భాషలో కొవ్వు అను మాట నిందకే ఎక్కువగా వాడుదుము. ఒకడు పొగరుగా మాటలాడినచో ‘వానికి కొవ్వెక్కినది’ అందుము. పని ఎగవేసినచో ‘ఒళ్ళు బలిసినది’ అందుము. లావుగా ఉన్న పిల్లవాడు పంక్తిలో మారు అన్నము అడిగినచో కొందరు లోలోపల నవ్వుకొందురు, కొందరు పైకే అందురు. ఈ మాటలన్నింటి వెనుక ఒక నమ్మకము దాగియున్నది. ఆకలి మనిషి చేతిలోనిదనియు, దానిని అదుపులో పెట్టుకొనలేనివాడు మనసు గట్టిలేనివాడనియు ఆ నమ్మకము. వైద్యులలోను పలువురు చాలకాలము ఇట్లే తలచిరి. కొవ్వు వట్టి నిలువసరకు; గాదెలో పోసిన ధాన్యము వలె అది పడియుండును, కావలసినప్పుడు తీసి వాడుకొనవచ్చును; అంతకుమించి దానికి పనిలేదు అని వారి అభిప్రాయము.

ఆ గాదె మాటలాడుననియు, తనలో ఎంత నిలువయున్నదో ఎప్పటికప్పుడు మెదడుకు కబురు పంపుచుండుననియు తెలిసికొన్న కథ నేటి ప్రసంగ విషయము. ఇందు ముఖ్యుడు డగ్లస్ కోల్‌మన్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన మొదలుపెట్టినదానిని ముగించినవాడు జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అను జన్యుశాస్త్ర పరిశోధకుడు. వీరిద్దరి నడుమ కొన్ని చిట్టెలుకలు ఉన్నవి. అవి లేనిచో వీరి పేర్లు మనవరకు వచ్చెడివి కావు.

ముందొక చిన్న లెక్క. ఒక మనిషి దినమునకు 2,000 కేలరీల ఆహారము తినుననుకొందము. ఏడాదికి 7,30,000 కేలరీలు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి నిలువయుండును. తిన్నదానికిని ఖర్చయినదానికిని నూటికి ఒక్క వంతు తేడా వచ్చి, అది అట్లే పేరుకొనిపోయినచో ఏడాదికి ఇంచుమించు ఒక కిలో పెరుగవలెను. నూటికి ఒక వంతనగా దినమునకు 20 కేలరీలు. ఒక చెంచా పంచదార! నిజమునకు బరువు పెరిగినకొలది ఒంటి ఖర్చును పెరుగును గనుక లెక్క ఇంత సూటిగా నడువదు. అయినను పండుగనాడు బూరెలు, మరునాడు చద్దన్నము, ఏకాదశికి ఉపవాసము, ఆపైన పెండ్లి విందు, ఇన్ని ఒడుదుడుకుల నడుమ పలువురి బరువు ఏండ్ల తరబడి కొద్ది కిలోల లోపలనే నిలిచియుండుట వింత కాదా? ఏ గృహిణియు, ఏ బ్యాంకు గుమాస్తాయు ఇంత ఖచ్చితముగా జమాఖర్చులు వ్రాయజాలరు. మనము తెలిసి వ్రాయుటయు లేదు. మరి ఎవరు వ్రాయుచున్నారు?

మెదడు అడుగుభాగమున హైపోథలమస్ అను చిన్న భాగము కలదు. 1940లో అమెరికాలో హెదరింగ్టన్, రాన్సన్ అను ఇరువురు ఎలుకల మెదడులో ఆ భాగమును కొంత దెబ్బతీసి చూచిరి. ఎలుకలు విపరీతముగా లావెక్కినవి. లెక్క వ్రాయు గుమాస్తా అక్కడ కూర్చుండియున్నాడని తేలినది. కాని గాదె ఎక్కడనో పొట్టలోను, చర్మము క్రిందను ఉన్నది. గుమాస్తా తలలో ఉన్నాడు. నిలువ ఎంతయో అతనికి తెలియుట ఎట్లు? 1953లో ఇంగ్లండులో కెన్నెడీ అను శాస్త్రజ్ఞుడు, కొవ్వు పరిమాణమును తెలుపునది ఏదో రక్తములో ప్రయాణించి మెదడును చేరుచుండవలెనని ఊహించెను. ఆ దేశముననే 1959లో హెర్వీ అను మరియొకరు దీనిని పరీక్షించుటకు రెండేసి ఎలుకలను జతగా కూర్చిరి.

జతకూర్చుట అనగా ఏమో చెప్పవలెను. రెండు ఎలుకలను ప్రక్కప్రక్కల ఉంచి, చర్మము కోసి, రెంటిని కలిపి కుట్టుదురు. గాయము మానునప్పుడు సన్నని రక్తనాళములు ఒకదానినుండి రెండవదానిలోనికి పెరుగును. ఒకదాని నెత్తురు కొంచెము కొంచెముగా రెండవదానికి పోవుచుండును. నాడులు మాత్రము కలియవు. వినుటకే ఒళ్ళు జలదరించు పని. ఇట్టి ప్రయోగములకు అనుమతి నేడు మునుపటివలె సులభముగా దొరకదు, దొరకకూడదు కూడ. కాని మన కథ అంతయు ఈ కుట్టు మీదనే నడిచినది గనుక దానిని దాచి చెప్పుట న్యాయము కాదు.

హెర్వీ జతలో ఒక ఎలుక హైపోథలమస్‌ను దెబ్బతీసెను. ఆ ఎలుక తిని తిని లావెక్కినది. ఏ దెబ్బయు తగులని దాని జత ఎలుక తిండి తగ్గించి చిక్కిపోయినది. ‘ఇక చాలు’ అను కబురు ఏదో లావెక్కినదాని నెత్తుటిలో పొంగిపొరలుచు రెండవదానిని చేరుచున్నదని ఆయన భావించెను. ఆ కబురు ఏ పదార్థమో, ఎక్కడ పుట్టినదో ఎవరికిని తెలియదు.

ఇప్పుడు మనము అమెరికా ఈశాన్యపు మూల, మెయిన్ రాష్ట్రమున సముద్రతీరపు చిన్న ఊరగు బార్ హార్బర్‌కు పోవుదము. అక్కడ 1929లో స్థాపించిన జాక్సన్ ప్రయోగశాల చిట్టెలుకలకు పుట్టినిల్లు వంటిది. వంశము చెడకుండ తరతరములుగా పెంచిన ఎలుకలు అక్కడినుండి ప్రపంచమందలి ప్రయోగశాలలకు పోవుచుండును. 1947 అక్టోబరులో కార్చిచ్చు వచ్చి ఆ ప్రయోగశాల తగులబడిపోయెను. ఎలుకలు వేలకొలది చచ్చినవి. అంతకుముందు ఇక్కడినుండి ఎలుకలు తీసికొనిపోయిన పరిశోధకులు వాని సంతానమును తిరిగి పంపిరి. ఆడపడుచు ఇంటినుండి పుట్టింటికి విత్తనములు తిరిగివచ్చినట్లు ఆ వంశములు మరల నిలబడినవి. తరువాత రెండేండ్లకే, 1949లో, ఒక ఈతలో వింత పిల్లలు కనబడినవి. అవి ఆగకుండ తినుచు మామూలు ఎలుకకు మూడు రెట్లు బరువెక్కెడివి. ఒక్క జన్యువు చెడుటయే కారణమని తెలిసి, ఊబకాయమను అర్థము వచ్చు ఆంగ్లపదము మొదటి అక్షరములతో దానికి ‘ఓబీ’ అని పేరుపెట్టిరి. 1960 తరువాతి సంవత్సరములలో అట్టిదే మరియొక వంశము దొరికెను. దీనికి తీవ్రమైన మధుమేహము కూడ ఉండుటచే ‘డీబీ’ అనిరి.

కోల్‌మన్ కెనడా దేశస్థుడు. 1931లో ఆంటేరియో రాష్ట్రపు స్ట్రాట్‌ఫర్డ్‌లో పుట్టెను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జీవరసాయన శాస్త్రములో పట్టము పొంది 1958లో బార్ హార్బర్‌కు వచ్చెను. ఒకటి రెండేండ్లుండి పోవుదమని వచ్చినవాడు అచ్చటనే ఉద్యోగ విరమణ చేసెను. డీబీ ఎలుకను చేతికిచ్చినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న చిన్నది: దీని నెత్తుటిలో ఏదైన ఎక్కువగా తిరుగుచున్నదా? తెలిసికొనుటకు డీబీ ఎలుకను మామూలు ఎలుకతో జతకూర్చెను.

డీబీ ఎలుక రక్తములోని దోషము మామూలుదానికి అంటుకొని అదియు లావెక్కునని గాని, మామూలుదాని నెత్తురుచే డీబీ ఎలుక బాగుపడునని గాని ఎవరైన అనుకొందురు. జరిగినది వేరు. డీబీ ఎలుక ఎప్పటివలె తినుచు పెరుగుచుండెను. మామూలు ఎలుక కొలదిదినములలో చచ్చెను. కోసి చూడగా దాని పొట్టలో మెతుకు లేదు, ప్రేగులలో ఆహారపు జాడ లేదు; రక్తములో చక్కెర అడుగంటినది. ఎదుట తిండి యుండగా అది ఆకలితో చచ్చినది. మరియొక జత, ఇంకొక జత, ప్రతిసారి ఇదే. ఇది 1969లో ప్రకటితమైనది.

తరువాత ఆయన ఓబీ ఎలుకను మామూలుదానితో జతకూర్చెను. ఈ సారి ఎవరును చావలేదు. ఓబీ ఎలుక తిండి తగ్గించినది. బరువు పెరుగుట మందగించినది. కడపటి ప్రయోగము ఓబీతో డీబీని కూర్చుట. చూపునకు ఈ రెండును ఒక్క అచ్చున పోసినట్లుండును. ఏది ఏదో గుర్తుపట్టుట కష్టము. అయినను డీబీ ఎలుక లావెక్కుచునే యుండెను, ఓబీ ఎలుక తిండి మాని, చిక్కి చచ్చెను. 1973లో కోల్‌మన్ దీనిని ప్రకటించెను.

రేడియో కేంద్రములో పనిచేయువానికి ఇచ్చట వేరొక పోలిక తోచదు. మామూలు ఎలుకలో ప్రసార కేంద్రమును ఉన్నది, రేడియో పెట్టెయు ఉన్నది. ఓబీ ఎలుకలో ప్రసార కేంద్రము మూగవోయినది. పెట్టె మాత్రము చక్కగా ఉన్నది. అందుచే పొరుగువాని ప్రసారము అందగానే అది విని తిండి తగ్గించెను. డీబీ ఎలుకలో పెట్టె చెడినది. దానికి తన ప్రసారము తనకు వినబడదు. కొవ్వు పెరిగినకొలది ప్రసారము మరింత బిగ్గరగా సాగుచుండును. ఆ గట్టి ప్రసారము జత ఎలుక పెట్టెలో పడినది. పాపము, అది తన గాదె పొంగిపొరలుచున్నదని నమ్మి, ఉన్న గింజలును తినక ప్రాణము విడిచినది. ఓబీలో కబురు లేదు, డీబీలో వినికిడి లేదు. కోల్‌మన్ సిద్ధాంతము ఇంతే. చేతిలో ఆ పదార్థము ఒక్క చుక్కయైన లేకుండ, కేవలము ఏది బ్రతికినదో ఏది చచ్చినదో చూచి ఇంత తీర్మానించుట, నా మట్టుకు నాకు, ఈ కథయందెల్ల మిక్కిలి అందమైన ఘట్టము.

ఆ కాలపు వారికి మాత్రము అంత అందముగా తోచలేదు. ఎలుకలు చచ్చుటకు శస్త్రచికిత్సయే కారణము కాకూడదా అనిరి. ఊబకాయము ప్రవర్తనకు సంబంధించినది, రసాయనమునకు కాదు అనిరి. కబురు మోయు పదార్థమును చూపుమనిరి. కోల్‌మన్ ఏండ్ల తరబడి దానిని కొవ్వునుండి, రక్తమునుండి వేరుచేయ ప్రయత్నించెను, దొరకలేదు. రక్తములో అది ఎంత స్వల్పముగా ఉండునో నేడు మనకు తెలియును: ఒక మిల్లీలీటరు రక్తద్రవములో గ్రాములో శతకోటి వంతులు కొన్ని మాత్రమే. ఆనాటి పనిముట్లకు అది చిక్కునది కాదు. ఆయన 1991లో ఉద్యోగము మాని అడవి పెంపకములోను, ప్రకృతి రక్షణలోను కాలము గడుపసాగెను.

అప్పటికి న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున ఫ్రీడ్‌మన్ వెదకుట ప్రారంభించి అయిదేండ్లయినది. ఆయన పద్ధతి తలక్రిందులైనది. పదార్థమును వెదకి పట్టుకొనుటకు బదులు, చెడిన జన్యువు ఉన్న చోటు పట్టుకొనినచో పదార్థము అదే తెలియునని ఆయన ఆలోచన. మొదట రుడాల్ఫ్ లైబెల్ అను వైద్యుడు మొదలగువారితో కలిసి పనిచేసెను. ఓబీ జన్యువు ఎలుక యొక్క ఆరవ క్రోమోసోముపై ఉన్నదని మాత్రము తెలియును. ఒక జిల్లాలో ఎక్కడనో ఉన్నాడన్న మనిషిని వెదకుచు తాలూకా, ఊరు, వీధి, ఇల్లు అని దగ్గరకు పోవుటవలె, వందలకొలది ఎలుకల సంతానమును పరీక్షించుచు చోటును కుదించుచు వచ్చిరి. ఎనిమిదేండ్లు పట్టినది. 1994 మే 8, ఆదివారము తెల్లవారుజామున ఫ్రీడ్‌మన్ చీకటిగదిలో ఒక ఫిల్ము కడిగి చూచెను. పరీక్షించుచున్న జన్యువు కొవ్వులో పనిచేయుచున్నది. ఒక ఓబీ వంశపు ఎలుక కొవ్వులో దాని జాడయే లేదు. మరియొక ఓబీ వంశపు ఎలుకలో మామూలుకంటె సుమారు 20 రెట్లు గట్టిగా పనిచేయుచున్నది; కాని అందు ఒక్క అక్షరము మారుటచే ప్రోటీను మధ్యలోనే తెగిపోవుచున్నది. కబురు పోవుట లేదు గనుక కొవ్వు మరింత అరచుచున్నదన్నమాట.

ఆ సంవత్సరము డిసెంబరులో ఇది ప్రకటితమాయెను. కొవ్వు కణములలో 167 అమైనో ఆమ్లముల ప్రోటీను తయారై, అందు మొదటి 21 తెగి, తక్కిన 146 రక్తములోనికి పోవును. సన్ననిది అను గ్రీకు పదమునుండి దానికి లెప్టిన్ అని పేరుపెట్టిరి. 1995లో దానిని తయారుచేసి ఎలుకలకు సూదిమందుగా ఇచ్చిరి. ఓబీ ఎలుకలు రెండు వారములలో సుమారు నూటికి 30 వంతులు బరువు తగ్గినవి. డీబీ ఎలుకలు ఎంత ఇచ్చినను చలింపలేదు. ఆ సంవత్సరాంతముననే మెదడులో లెప్టిన్‌ను అందుకొను గ్రాహకము దొరికెను. డీబీ ఎలుకలో చెడినది అదేయని మరుసటి ఏడు తేలెను. కుట్టిన ఎలుకలను చూచి కోల్‌మన్ చెప్పిన మాట ఇరువది యేండ్ల తరువాత అక్షరాల నిజమైనది.

ఎలుకల సంగతి సరే, మనుష్యుల మాటయేమి? దీనికి ఉత్తరము ఇంగ్లండులోని కేంబ్రిడ్జినుండి వచ్చెను. స్టీఫెన్ ఓరాహిలీ, సదాఫ్ ఫరూకీ మున్నగు వైద్యుల వద్దకు ఇద్దరు పిల్లలు వచ్చిరి. పాకిస్థాన్ మూలముగల ఒకే కుటుంబమునకు చెందినవారు, తమలో తాము దగ్గర చుట్టములు. ఎనిమిదేండ్ల బాలిక బరువు 86 కిలోలు. రెండేండ్ల బాలుడు 29 కిలోలు. ఇరువురును పుట్టినప్పుడు మామూలు బరువే. కొలదినెలలకే ఆరని ఆకలి మొదలైనది. ఎంత పెట్టినను ఇంకను కావలెనని ఏడ్పు. తోబుట్టువులకంటె ఎన్నో రెట్లు తినుట. బాలికకు నడచుటయే కష్టమైపోయెను. ఇట్టి బిడ్డ తల్లిని ఇరుగుపొరుగువారు ఏమందురో చెప్పనక్కరలేదు. ‘ముద్దుచేసి పాడుచేసినది’ అందురు. రక్తము పరీక్షింపగా లెప్టిన్ దాదాపు లేదు. ఆ జన్యువులో ఒక్క అక్షరము లోపించినది. వారు మనుష్యరూపమున ఉన్న ఓబీ ఎలుకలు! ఇది 1997 నాటి మాట.

బాలికకు తొమ్మిదేండ్లు వచ్చి, బరువు 94 కిలోలు దాటినప్పుడు దినమున కొకసారి లెప్టిన్ సూదిమందు ఇయ్యసాగిరి. ఆకలి తగ్గినది. పన్నెండు నెలలలో 16 కిలోలకు పైగా తగ్గెను. పోయినది దాదాపు అంతయు కొవ్వే. ఆమెకు ఎవరును నిగ్రహము బోధింపలేదు, పథ్యపు పట్టిక వ్రాసి ఇయ్యలేదు. లేని కబురును బయటినుండి పంపిరి, అంతే. నిన్నటివరకు తిండిపోతని పేరుపడిన బిడ్డ మనసులో కొత్తగా ఏ సుగుణమును చేరలేదు. నిన్న లేని దుర్గుణము నేడు పోయినదనియు అనజాలము. ఈ ఒక్క సంగతి తెలిసికొన్నవాడు మరియొక బిడ్డను పంక్తిలో చూచి నవ్వగలడా?

ఇది విని, ఊబకాయులందరికి లెప్టిన్ ఇచ్చినచో చాలునని ఆశపడుట సహజము. ఆశపడినవారిలో మందుల కంపెనీలు మొదటివి. ఆమ్‌జెన్ అను కంపెనీ దాని హక్కుల కొరకు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమునకు రెండు కోట్ల డాలర్లు చెల్లించెను. కాని 1996లో రక్తపరీక్షలు చేయగా, లావుగా ఉన్నవారిలో పెక్కుమందికి లెప్టిన్ తక్కువ కాదు. సన్ననివారికంటె సగటున నాలుగు రెట్లు ఎక్కువ. ప్రసారము బిగ్గరగానే సాగుచున్నది. పెట్టెయు పూర్తిగా చెడలేదు. అయినను మెదడు సరిగా వినుటలేదు. పగలంతయు రేడియో గట్టిగా మ్రోగు ఇంటిలో కొంతసేపటికి ఎవరును దానిని చెవిని పెట్టరు గదా, కొంతవరకు అట్టిది. అట్టివారికి లెప్టిన్ ఇచ్చి చూడగా కొందరు తగ్గిరి, పలువురు తగ్గలేదు. మెదడు ఎందుకు పెడచెవిని పెట్టునో విడదీయు పని ఇంకను సాగుచున్నది.

లెప్టిన్ యొక్క అసలు ఉద్యోగమేమో ఇంకొక దారిని తెలిసినది. 1996లో బోస్టన్ నగరమున అహిమా, ఫ్లయర్ మొదలగువారు ఎలుకలను రెండు దినములు పస్తుంచిరి. వాని లెప్టిన్ పడిపోయినది; దానితోపాటు థైరాయిడ్ మందగించినది, సంతానమునకు సంబంధించిన క్రియలు వెనుకబడినవి. పస్తుండగానే లెప్టిన్ ఇచ్చినప్పుడు ఈ మార్పులు చాలవరకు జరుగలేదు. అనగా లెప్టిన్ ఎక్కువైనప్పుడు చెప్పు ‘చాలు’ కంటె, తక్కువైనప్పుడు కలుగు నిశ్శబ్దమే మెదడుకు పెద్ద వార్త. మా వృత్తిలో ఇది తెలిసిన విషయమే. పాట సాగుచున్నంతసేపు ఇంటిలో ఎవరి పని వారిది. నడుమ హఠాత్తుగా ప్రసారము ఆగినప్పుడు అందరును తలయెత్తి పెట్టెవంక చూతురు. కరవు కాటకములలో బ్రతికి బయటపడవలసిన ప్రాణికి గాదె ఖాళీయగుచున్నదను హెచ్చరికయే ముఖ్యము. గాదె నిండినదను హెచ్చరికతో మన పూర్వులకు అంతగా పని పడియుండదు.

పథ్యముచే బరువు తగ్గించుకొన్నవారు మరల ఎందుకు పెరుగుదురో దీనివలన కొంత బోధపడును. కొవ్వు తగ్గగానే లెప్టిన్ తగ్గును. మనిషి ఇంకను లావుగానే ఉండవచ్చును. కాని మెదడుకు వినబడునది కరవు వార్త. అది ఆకలిని పెంచును, ఒంటి ఖర్చును తగ్గించును. రోజెన్‌బామ్, లైబెల్ మొదలగువారు న్యూయార్కులో, నూటికి పది వంతులు బరువు తగ్గినవారికి లెప్టిన్‌ను తగ్గకముందున్న మట్టమునకు తెచ్చి చూడగా, పడిపోయిన శక్తివ్యయము చాలవరకు తిరిగి కోలుకొన్నదని 2005లో ప్రకటించిరి. కావున పథ్యము చేయువాడు తన నాలుకతో మాత్రమే పోరాడుటలేదు. పథ్యము వద్దని నేను చెప్పుటలేదు సుమా. అది ఎంత కష్టమో చెప్పుచున్నాను.

ఇంకొక విచిత్రము కలదు. లైపోడిస్ట్రఫీ అను అరుదైన వ్యాధి గలవారి ఒంటిలో చర్మము క్రింద కొవ్వు ఉండదు. చూచుటకు ఎండిన కట్టెవలె ఉందురు; ఆకలి మాత్రము పట్టనలవికాదు. గాదె లేదు గనుక కబురు లేదు. తిన్న ఆహారపు కొవ్వు చేరవలసిన చోటు లేక కాలేయములో చేరును, మధుమేహము కఠినమగును. వీరికి లెప్టిన్ ఇచ్చినప్పుడు ఆకలి తగ్గి, రక్తములోని చక్కెర, కొవ్వు రెండును దిగినవి. లావు తగ్గించుటకని ఎదురుచూచిన మందు, తుదకు ఒంటిలో కొవ్వే లేనివారికి అక్కరకు వచ్చెను! మెట్రెలెప్టిన్ అను పేర దానికి 2014 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించెను. కోల్‌మన్, ఫ్రీడ్‌మన్ ఇరువురికి 2010లో లాస్కర్ బహుమానము వచ్చియుండెను. మందుకు అనుమతి వచ్చిన రెండు నెలలకు, 2014 ఏప్రిలులో, కోల్‌మన్ కన్నుమూసెను.

నేడు పత్రికలలో తరచు కనబడు సూదిమందులు, సెమాగ్లూటైడ్ మొదలగునవి, లెప్టిన్ జాతివి కావు. అవి కొవ్వు పంపు కబురును కాక, భోజనము కాగానే ప్రేగు పంపు మరియొక కబురును అనుకరించును. ప్రేగు పంపునది నిమిషము రెండు నిమిషములలో నశించును. రసాయనజ్ఞులు దానికి కొవ్వు ఆమ్లపు తోకను తగిలించి వారము దినములు నిలుచునట్లు చేసిరి. బరువు తగ్గించుటకై 2021లో అమెరికాలోను, 2025లో మన దేశములోను ఇవి అమ్మకమునకు వచ్చినవి. వాని మంచిచెడ్డలకు వేరొక ప్రసంగము కావలెను.

లెప్టిన్ లోపము మిక్కిలి అరుదు. తల్లిదండ్రులిరువురినుండియు చెడిన జన్యువు సంక్రమించినగాని అది బిడ్డలో బయటపడదు. అందుచే దగ్గర చుట్టరికపు వివాహములు గల కుటుంబములలోనే ఎక్కువగా కనబడినది. పాకిస్థాన్, టర్కీ, ఈజిప్టు దేశములలోను, భారతదేశములోను ఇట్టి పిల్లలను గుర్తించిరి. మేనరికములు వాడుకగాగల మన తెలుగు కుటుంబములు ఈ మాట చెవిని వేసికొనుట మంచిది. లావుగా ఉన్న ప్రతి బిడ్డకును ఈ జబ్బు ఉన్నదనుకొనరాదు, లక్షణములు వేరు. మామూలు బరువుతో పుట్టి, ఏడాది నిండకుండగనే బరువు వేగముగా పెరుగుట, పాలు పట్టిన వెంటనే మరల ఆకలికి ఏడ్చుట, కాస్త పెద్దయైన పిమ్మట తిండి దొరకనిచో పిచ్చియెత్తినట్లు వెదకుట, మాటిమాటికి జబ్బుపడుట, అదే వంశమున ఇట్టి బిడ్డ మరియొకరుండుట. ఇవి కనబడినచో బిడ్డను గదమాయింపక, హార్మోనుల వ్యాధులను చూచు వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. రక్తములో లెప్టిన్ కొలుచు పరీక్ష ఉన్నది, జన్యుపరీక్షయు ఉన్నది. మందు మిక్కిలి ఖరీదు. దినదినము సూది వేయుచుండవలెను. ఆపినచో ఆకలి తిరిగి వచ్చును.